అరవై రెండు మెట్లు

రేపు కోతకి వెళ్లే పశువుకి ఈ రోజు మేత వెయ్యరు, నీళ్లు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని పెడతారు. నిండుగా ఉన్న పేగు చేతిలో జారుతుంది, కత్తి మొన తగిలితే చాలు పగులుతుంది, పగిలిందంటే లోపలిదంతా మాంసం మీద పడి మొత్తం పారబొయ్యాలి. కబేళాలో పేగుల బల్ల దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఇరవై రెండేళ్లుగా అతను చెప్పే మొదటి పాఠం ఇదే. ఇప్పుడు తనే ఆసుపత్రిలో చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకుని, వీపు వైపు తాళ్లు కట్టే గౌను తొడుక్కుని, కుడిచేతికి సూది గుచ్చించుకుని, నిన్న పొద్దుటి నుంచి నీళ్లూ, ఆ ఉప్పటి విరేచనాల మందూ తప్ప మరేమీ ఎరగని పొట్టతో తన వంతు కోసం చూస్తున్నాడు. నన్నూ దొడ్లో కట్టేశారు కదరా అనుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వగానే బొడ్డుకి కాస్త పైన ఎవరో పళ్లతో పట్టి లాగినట్టు నొప్పి పుట్టింది, నవ్వు అక్కడే ఆగిపోయింది.

పది గంటలకన్నారు. గోడ మీద గడియారం తొమ్మిదీ ఐదు చూపిస్తోంది. పైనుంచి ఒక గొట్టం, కిందనుంచి ఒక గొట్టం, రెండూ ఇవాళే అని నర్సు చెప్పింది, బట్టలు ఆరేసే వేళ పక్కింటావిడతో మాట్లాడినంత తేలిగ్గా చెప్పింది. మీతో ఎవరొచ్చారండీ, మత్తు దిగాక ఒంటరిగా పంపించం, సంతకం పెట్టి తీసుకెళ్లే మనిషి ఉండాలి అని అడిగింది. తమ్ముడున్నాడు, బయట బెంచీ మీద, అన్నాడు. తల మీద కట్టు ఉన్న ఆయనా అని అడిగింది. ఆయనే. ఏమైందండీ ఆయనకి అని అడిగింది. పనిలో జారిపడ్డాడు అన్నాడు. పదకొండు కుట్లు. జారిపడితే పడే చోట కాదు అది, చెవి పైన, అడ్డంగా, కత్తి నూరుకునే ఇనుప కడ్డీ పడితే వచ్చే గీత. నర్సు సూది మీద అంటించిన ప్లాస్టరు ఒకసారి నొక్కి చూసి వెళ్లిపోయింది.

పెళ్లాం రాలేదు, పాపని తీసుకుని అక్కగారింటికి వెళ్లి తొమ్మిది రోజులైంది. మిగిలింది తమ్ముడు, ఎవరి తల పగలగొట్టాడో వాడే. సూపర్‌వైజరు అడిగినప్పుడు, నేల తడిగా ఉంది సార్, జారి కొక్కేనికి తగిలాను అని నెత్తురు కారుతున్న మొహంతో చెప్పాడు. తరవాత మెట్ల దగ్గర నిలబడి, అన్న కళ్లలోకి చూడకుండా, అన్నా, నువ్వు డాక్టరు దగ్గరికెళ్తే ఇది ఇక్కడితో అయిపోయినట్టే, వెళ్లకపోతే మాత్రం నిజం చెప్పేస్తాను అన్నాడు. బెదిరించాడా, బతిమాలాడా? తమ్ముడి గొంతులో ఆ రెండూ చిన్నప్పటి నుంచీ ఒకేలా వినిపిస్తాయి. తన్నాలనిపించింది, అప్పుడు కూడా, ఆ కుట్ల మీదే.

అందరూ తనని ముడి మేస్త్రి అంటారు. పేగు లాగే ముందు ఈ కొసనొక ముడి, ఆ కొసనొక ముడి, పురికొసతో బిగించి కట్టాలి, అప్పుడే కత్తి పెట్టాలి. తను కట్టిన ముడి ఇరవై రెండేళ్లలో ఒక్కసారి జారలేదు. ఆ రోజు మాత్రం ఒకే కొసన రెండు ముళ్లు వేశాడు. ఒక ముడి వేశాడు, లోపలి నుంచి కత్తి దిగినట్టు నొప్పి వచ్చింది, కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ అక్కడే ఇంకో ముడి వేశాడు. ఆ బల్ల మీద పని చేసినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేని తప్పు అది. రెండు ముళ్లు పడ్డాయని చెయ్యి చెప్పింది, ఎక్కడ పడ్డాయో చెప్పలేదు. కత్తి పెట్టాడు. ఆవిరి లేచింది, పచ్చటి పులుపు వాసన, మోచేతుల దాకా, మాంసం మీద, బల్ల మీద, చెప్పుల్లో. పక్క బల్ల నుంచి తమ్ముడు నవ్వాడు, ఎగతాళికి కాదు, భయం తగ్గించడానికి నవ్వే నవ్వు వాడిది, నవ్వి, అన్నా, నీ మొహం అచ్చం నాన్న మొహంలా ఉంది ఇవాళ అన్నాడు. ఆ తరవాత చేతిలో కడ్డీ ఎలా వచ్చిందో తెలీదు. చప్పుడు మాత్రం తెలుసు. ఎముక మీద ఇనుము పడితే వచ్చే చప్పుడు తమ ఇంట్లో అందరికీ తెలుసు, నాన్న ఉద్యోగమే అది.

నాన్న ఆ కబేళాలోనే పశువుల నుదుటి మీద కొట్టే పనిలో ఉండేవాడు. ఒక్క దెబ్బ. రెండోది అవసరమైతే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఆ రెండో దెబ్బ ఇంటికి వచ్చాక వేరేవాళ్లకి పడేది. నాలుగో అంతస్తులో రెండు గదులు, వీధి తలుపు నుంచి ఇంటి గడప దాకా అరవై రెండు మెట్లు. కింద తలుపు మూసుకున్న చప్పుడు వినిపించగానే అమ్మ, తినండి, తినండి, వస్తున్నాడు అనేది. అంతే, ఇద్దరూ కంచాల మీద పడేవాళ్లు. నాన్న బూట్లకి మడమల కింద ఇనుప లాడాలుండేవి, ఒక్కో మెట్టూ వినిపించేది. ఇరవయ్యో మెట్టుకి సగం కంచం, నలభయ్యో మెట్టుకి కంచంలో కూర ఉండకూడదు, అరవయ్యో మెట్టుకి కంచాలు తొట్టిలో ఉండాలి. నాన్న వచ్చేసరికి ఎవరి కంచంలోనైనా మెతుకు కనిపించిందా, ఆ కంచం గోడకి వెళ్లేది, దాని వెనకాల తల వెళ్లేది. నేను తెచ్చి పోసేది కూర్చుని నెమరెయ్యడానికా అనేవాడు. తమ్ముడికి అప్పుడు పళ్లు ఊడే వయసు, నమల్లేక మింగేవాడు, మింగుతూ కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు, తను వాడి కంచంలోది కూడా లాక్కుని మింగేవాడు. అందరూ తను తమ్ముడి తిండి తినేస్తున్నాడనుకునేవాళ్లు. అమ్మ కూడా అలాగే అనుకుందేమో, అడగలేదు, పోయింది.

ఇప్పటికీ అరవై రెండు అంకెల్లో భోజనం అయిపోతుంది. కింద తలుపు లేదు, లాడాలు లేవు, నాన్న పోయి ఇరవై నాలుగేళ్లైంది, అయినా కంచం ముందు కూర్చోగానే లోపల ఎవరో మెట్లెక్కడం మొదలుపెడతారు. డాక్టరమ్మ అడిగింది మొన్న, సన్నగా, బడిపిల్లలా ఉంది, ఏం తింటారు, ఎప్పుడు తింటారు, ఎంతసేపు తింటారు అని. ఎంతసేపు అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఏమీ తినను, ఆ వాసనలోకి నిండు పొట్టతో వెళ్తే కక్కుతాం, మూడు టీలు, ఒక బన్ను, మధ్యాహ్నం సోడా, చిప్స్ పొట్లం, నొప్పొస్తే పొట్ట మాత్ర, సాయంత్రం ఇంటికి రాగానే ఒక్కసారే కొండంత, వేపుడు మాంసం, దాని మీద ఇంకో పొట్ట మాత్ర. ఆకుకూరలు? ఆకులు పశువులు తింటాయి కదండీ అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. నిద్ర? పట్టదు. కోపం? దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం అన్నాడు, గొంతు లేచింది, టేబుల్ మీద కలం కదిలింది. ఆవిడ కలం సరిచేసి పెట్టింది. పొట్టకీ తలకీ మధ్య ఒక పెద్ద నరం ఉంటుందండీ, కబుర్లు కింద నుంచే ఎక్కువ పైకి వెళ్తాయి, మీ పొట్ట ఇరవైనాలుగు గంటలూ మంటలంటుకున్నట్టు పైకి కబురు పెడుతుంటే తల ఏం చేస్తుంది, కనపడినవాడిని కొట్టమంటుంది అంది. నిద్ర పాడు, నిద్ర పాడైతే కోపం, కోపానికి మళ్లీ పొట్టలో ఆమ్లం, మళ్లీ నిద్ర పాడు, మీరు ఒక చోట ఆపితే మిగతావి మెల్లిగా ఆగుతాయి అంది.

అబద్ధం అనలేకపోయాడు. అతనికి తెలుసు, చేతికి తెలుసు. బయలు మీద గడ్డి మేసిన పశువు పొట్ట కోస్తే లోపలి పొర ముదురు రంగులో, మందంగా, తువ్వాలు ముట్టుకున్నట్టుంటుంది, వాసన కూడా తడిసిన పచ్చికలా ఉంటుంది. తొందరగా బలిసిపోవాలని గింజల దాణా మేపి కదలకుండా కట్టేసిన పశువు పొట్ట అలా ఉండదు, పొర పలచబడి ఎర్రగా ఒలిచినట్టుంటుంది, కార్జం మీద చీముగడ్డలు, వాసనకి ముక్కు మండుతుంది. అలాంటివే దొడ్లో ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి, అలాంటివే లాగేవాణ్ని గోడకేసి నొక్కుతాయి. కోతకి ముందు బెదిరి, కొట్టుకుని, చెమటలు పట్టిన పశువు మాంసం నల్లబడిపోతుంది, కొనేవాడుండడు. ఇరవై రెండేళ్లు రోజుకి నూట యాభై పొట్టలు చేతులతో తిరగేసి చూశాడు. ఇది బాగా తిన్నది, ఇది చెడు తిన్నది, ఇది భయపడింది అని గుడ్డివాడిలా తడిమి చెప్పగలడు. ఆ చేతులే తన పొట్ట మీద ఉన్నాయి ఇప్పుడు, గౌను మీద, దుప్పటి కింద. నల్లగా వస్తోంది ఆర్నెల్ల నుంచి, తారులా. అది నెత్తురేనని తెలియకపోవడానికి తనేమైనా బట్టల కొట్టులో పని చేస్తున్నాడా?

తొమ్మిదీ ముప్పై ఐదు. పక్క తెర వెనకాల ముసలాయన ఎవరో దగ్గుతున్నాడు. మీ నాన్నగారికి పొట్ట జబ్బేమైనా ఉండేదా అని డాక్టరమ్మ చివర్లో అడిగింది. ఎలా పోయారాయన? రక్తం కక్కుకుని. దెబ్బ ఏమైనా తగిలిందా, లేక మామూలుగానేనా? మామూలుగానే, అన్నాడు. ఆవిడ రాసుకుంది. ఆ రాసుకున్న కాగితం ఇక్కడే ఎక్కడో ఉంది, లోపల గదిలో, అబద్ధంతో సహా.

అప్పుడతనికి పదహారేళ్లు. నాన్న పైకొస్తున్నాడు, తను ఆ రోజు తినడం మానేసి కిందికి దిగాడు, ఎందుకంటే అంతకుముందు రోజు కంచం తమ్ముడి నోటికి తగిలి ఊడాల్సిన పన్నూ ఊడకూడని పన్నూ కూడా ఊడాయి. నలభయ్యో మెట్టు దగ్గర ఎదురుపడ్డారు. నాన్న ఒక చెయ్యి కమ్మీ మీద ఉంది, ఇంకో చెయ్యి నడుము దగ్గర. బెల్టు తీస్తున్నాడనుకున్నాడు. బెల్టు తీసేలోపే కొట్టాలి. పిడికిలి బిగించి, నాన్న నుదుటి మీద ఎలా కొడతాడో అలా, భుజం నుంచి మొత్తం బరువంతా తెచ్చి, పొట్టలో దింపాడు. మెత్తగా తగిలింది, లోపలికి వెళ్లింది, ఆ మెత్తదనం ఇప్పటికీ వేళ్ల కణుపుల్లో ఉంది. నాన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. మొహం పాలిపోయింది, పెదాలు తెల్లబడ్డాయి, అయినా పైకి చూసి నవ్వాడు, నా చెయ్యి వచ్చిందిరా నీకు అన్నాడు. రెండో రోజు సాయంత్రం ముందుగదిలో రక్తం కక్కుకుని, కక్కిన దాని మీదే బోర్లా పడి పోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ నేల తుడిచింది. తను ఆ చేత్తోనే నాన్నని మోశాడు, రెండేళ్లకి ఆ చేత్తోనే ఆ కబేళాలో ఉద్యోగం అడిగి తెచ్చుకున్నాడు. నుదుటి మీద కొట్టే పని ఇస్తామంటే వద్దు, పేగుల బల్ల ఇవ్వండి అన్నాడు. రోజూ నూట యాభై పొట్టలు విప్పి చూశాడు, ఏ దెబ్బకి లోపల ఏమవుతుందో తెలుస్తుందని, ఎప్పటికీ తెలియలేదు.

అందుకే ఇవాళ భయం జబ్బు గురించి కాదు. జబ్బే ఉండాలి. తెర వంక చూస్తూ, సిగ్గు లేకుండా, ఎవరో వింటున్నట్టు, జబ్బు ఉండేలా చూడు అని వేడుకుంటున్నాడు. నాన్నది జబ్బైతే ఆ జబ్బు తనకీ వచ్చి ఉంటుంది, తనకి ఉంటే నాన్నకీ ఉన్నట్టే, అప్పుడు నెత్తురు పిడికిలి వల్ల వచ్చింది కాదు. లోపల అంతా శుభ్రంగా ఉందండీ, మీకేం లేదు అని ఆ బడిపిల్ల డాక్టరమ్మ నవ్వుతూ చెప్పిందా, అయిపోయింది. అప్పుడు నాన్నని చంపింది తనే, తమ్ముడి తల పగలగొట్టింది తనే, పది రోజుల కింద పాప కంచం గోడకేసి కొట్టిందీ తనే, వీటికి ఏ పుండూ అడ్డం రాదు. పాపకి ఆరేళ్లు. స్కూటర్ చప్పుడు వినగానే గబగబా మింగుతుందని, పొలమారుతుందని పెళ్లాం ఎన్నోసార్లు చెప్పింది. దానికి మెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు కంచంలో ఇంకా మెతుకులున్నాయి, చూశాడు, ఎందుకో తెలీదు, చెయ్యి లేచింది. కంచం గోడకి తగిలి గిరగిరా తిరుగుతూ ఎంతకీ పడిపోలేదు. పాప ఏడవలేదు. నోట్లో ఉన్నది మింగేసింది.

చక్రాలు కదిలాయి. పైకప్పు దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, ఒకటి, రెండు, మూడు, లెక్కపెట్టడం ఆపలేకపోయాడు. పక్కకి తిరిగి మోకాళ్లు పైకి మడవండి అన్నారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ ఏదో పెట్టారు. గొంతులో చేదు. నుదుటి మీద ఎవరిదో చల్లటి చెయ్యి పడింది, ఒక్క దెబ్బే నాన్నా, రెండోది వద్దు, అనుకున్నాడు, అంతవరకే.

కళ్లు తెరిచేసరికి కిటికీ వెలుగు మారింది. నోరు ఎండిపోయి ఉంది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని పక్కన నిలబడి ఉంది, ఆవిడ పక్కన తల మీద తెల్లటి కట్టుతో తమ్ముడు. కింద పేగుల్లో భయపడేదేం లేదండీ, పొట్టలో మాత్రం పుళ్లున్నాయి, రెండు పాతవి, ఇంకోదాన్నుంచి రక్తం కారుతోంది, ఆపాం అంది. ఒక సూక్ష్మజీవి అని అనుమానం, పుండు దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాను, అది చిన్నప్పుడు ఇంట్లో వాళ్ల నుంచే వస్తుంది, మీ నాన్నగారికి ఉండే ఉంటుంది, మీ తమ్ముడు కూడా చూపించుకోవాలి అంది. మందులకి పోతుంది. కానీ మందులు పుండుని మాన్పుతాయి, మీ తిండిని మాత్రం మీరే మార్చుకోవాలి, వేళకి తినండి, ఆకుకూరలు, పెరుగు, గింజలు తినండి, నెమ్మదిగా తినండి, ప్రతి ముద్దా నమలండి అని చెప్పి, తమ్ముడితో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది. జబ్బు ఉంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు.

తమ్ముడు ఫ్లాస్కులోంచి గంజి గిన్నెలోకి వంచాడు, చెంచా ఇచ్చాడు. వాడు సంచిలోంచి రొట్టె తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో రొట్టె చూసుకుంటూ అన్నాడు.

"నాన్నకి ఉండేదన్నా. నాకు తెలుసు. నువ్వు మెట్ల మీద కొట్టావే, ఆ రోజు పొద్దున్నే తొట్టిలో నల్లగా కక్కాడు. నాచేతే కడిగించాడు. ఎవరికైనా చెప్తే చంపేస్తానన్నాడు."

"ఆ రోజు పొద్దున్నా?"

"అంతకు ముందు కూడా. పొట్ట పట్టుకునే మెట్లెక్కేవాడు."

బెల్టు కాదు. నడుము దగ్గర చెయ్యి బెల్టు కోసం కాదు. పొట్ట పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్లు. రోజుకి నూట యాభై పొట్టలు.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు దాన్ని లోపల్లోపల గొప్పగా చెప్పుకుంటావనుకున్నాను. నాన్నని పడగొట్టింది నేనే అని. అది కూడా లాక్కుంటే నువ్వేమైపోతావో అని."

కోపం ముందు గొంతులో లేచింది, తరవాత భుజంలో. ఇరవై నాలుగేళ్ల చెయ్యి అది, సూదితో సహా లేచింది, గిన్నె పక్కకి ఒరిగి గంజి దుప్పటి మీద పడింది. కుట్ల మీదికే, ఆ తెల్లటి కట్టు మీదికే. చంపేస్తాను. నిన్ను చంపినా పాపం లేదు. తమ్ముడు తల పక్కకి తిప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, స్టూలు మీంచి లేవలేదు. నోట్లో ఉన్న రొట్టె ముక్కని నమలకుండా మింగేశాడు. ఆ ముద్ద గొంతులో ఉబ్బెత్తుగా నిలిచి, మెల్లగా కిందికి దిగడం అతనికి కనిపించింది. ముప్పై మూడేళ్ల మనిషి గొంతులో తొమ్మిదేళ్ల పిల్లాడి ముద్ద, ఆరేళ్ల పాప ముద్ద.

చెయ్యి గాలిలో ఎంతసేపుందో తెలియదు. దించడం కొట్టడం కంటే బరువైన పని, వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. సూది దగ్గర ప్లాస్టరు ఎర్రగా తడిసింది. ఒరిగిన గిన్నె సరిగ్గా పెట్టుకుని, అడుగున మిగిలిన గంజి చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి ఏమీ లేదు, అయినా నమిలాడు.

"నమిలి తినరా," అన్నాడు. "మెట్ల మీద ఎవరూ లేరు."

తమ్ముడు తలెత్తి అతని వంక చూశాడు. రొట్టెలోంచి ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు, దవడలు కదలడం మొదలైంది.